లేని బిడ్డకు పేరు

జూలై 10

మళ్లీ వచ్చింది. రెండో కీర్తన పాడుతుండగా.

నేను ముందు వరుసలో ఉన్నాను. తెల్ల పావడా, తెల్ల జాకెట్టు, తెల్ల టోపీ. చర్చికి తెల్లబట్టలే కట్టాలని నియమం పెట్టిన మనిషి ఎవరో గానీ కచ్చితంగా మగవాడే. మా ఆయన ఎసెకియా ప్రసంగం మధ్యలో ఒకసారి నావైపు చూశాడు. నవ్వాను. తర్వాత తను ఏం చెప్పాడో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు.

ఆశీర్వాదం అయింది. అందరూ లేచారు. నేను కళ్లు మూసుకుని, ప్రార్థనలో ఉన్నట్టు కూర్చుండిపోయాను. పక్కింటి వైతోవా ఒక్కతే కనిపెట్టింది. ఆరుగురిని కన్న మనిషి, ఆమె కళ్లను మోసం చేయలేం.

"అమ్మగారూ, లేవండి. మీ వెనకాలే అతుక్కుని నడుస్తాను. నా వెడల్పు అడ్డం ఉంటే దేవదూతకైనా మరక కనపడదు."

ఇద్దరం ఒక్క మనిషిలా నడుచుకుంటూ బయటపడ్డాం. గుమ్మం దగ్గర సంఘపెద్ద ఫలనికో, ఎసెకియా చెయ్యి పట్టుకుని అంటున్నాడు: "మా అమ్మగారు ఎంతసేపు ప్రార్థించారో చూశారా అయ్యగారూ? దేవుడు వినకపోతాడా?"

జూలై 12

ఆపరేషన్ అయ్యాక ఇక నొప్పి ఉండదనుకున్నాను. మొదట్లో లేదు కూడా. ఆ మూడు నెలలు ఎవరో పక్కింటివాళ్లు అరువిచ్చిన శరీరంలో ఉన్నట్టుండేది.

ఫిబ్రవరిలో న్యూజిలాండ్ నుంచి మా దీవులకు వచ్చిన డాక్టర్లు చేశారు. "కడుపులో అతుక్కున్నవన్నీ విడదీశాం. అండం దిగే ఎడమ గొట్టం పనికిరాదు, కుడిది బాగానే ఉంది. ఈ ఏడాదిలోపే ప్రయత్నించండి, ఇదే మంచి సమయం," అని చెప్పి విమానం ఎక్కి వెళ్లిపోయారు. అప్పటినుంచీ ఇంట్లో అన్నీ ఆ మంచి సమయం చుట్టూ తిరుగుతున్నాయి. పడక ఎక్కే ముందు ప్రార్థన, తర్వాత ప్రార్థన. మధ్యలో ఏం జరిగినా అది కూడా ప్రార్థన లాగే ఉంటోంది.

ఇవాళ లోపల ఎవరో తడిబట్ట పిండుతున్నారు. పిండి, ఆరేసి, మళ్లీ తడిపి పిండుతున్నారు.

తెముకిసా వచ్చింది, పిలవకుండానే, కొబ్బరినూనె సీసాతో. స్త్రీల సంఘానికి పెద్ద. ఊళ్లో ఆడవాళ్ల కడుపులన్నీ నూనెతో తోమేది ఆమే.

"కడుపు పక్కకు జరిగింది, అంతే అమ్మగారూ. కోసి కుట్టేవాళ్లకు ఏం తెలుసు? ఈ ఊళ్లో సగంమందిని బయటికి లాగినవి ఈ చేతులు." బొటనవేళ్లతో నొక్కింది. నా మణికట్టు నేనే కొరుక్కున్నాను. "గట్టిగా ఏడవండి తల్లీ, ఎవరూ వినరు."

ఎవరూ వినరట! ఈ ఊళ్లో సగం ఇళ్లు స్తంభాల మీద కప్పే, గోడలు లేవు. గోడలున్న మా ఇంటికే చెవులు ఎక్కువ.

జూలై 13

పడుకున్నాను.

జూలై 14

పడుకున్నాను. ఎసెకియా టీ తెచ్చాడు. చల్లారాక తాగాను.

జూలై 24

ఇవాళ ఫలనికో సభాప్రార్థన చేశాడు. వానల కోసం, ఓడలో ఉన్నవారి కోసం, తర్వాత నా కోసం. "బిడ్డల్లేని హన్నా గర్భాన్ని తెరిచిన దేవా, మా అమ్మగారి గర్భాన్ని కూడా తెరువు." చర్చి అంతా ఆమేన్. అందరికంటే గట్టిగా ఎసెకియా.

మధ్యాహ్నం భోజనం దగ్గర అడిగాడు. "కోపం వచ్చిందా?"

"నా గర్భంతో ఫలనికోకి ఏం పని?"

"ప్రేమతో చేశాడు ఇయనెతా."

"నీ గురించి చేయలేదేం మరి ప్రేమతో?"

"నాకేమైంది?"

"ఏమో. ఎవరూ చూడలేదుగా."

చేపముక్క పళ్లెంలో పెట్టేసి లేచాడు. ఆదివారం మధ్యాహ్నం ఊరంతా నిద్రపోతుంది, తనూ నిద్రపోయాడు. నేను పళ్లెం ముందు కూర్చున్నాను. పాస్టరు కుటుంబం ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరికి పరాయిదే. ఈ ఇల్లు ఊరిది. ఈ పంది మాంసం ఊరిది, చేమగడ్డ ఊరిది, వంతులవారీగా ఊరే వండి పంపుతుంది. తిన్నదంతా వాళ్లదైనప్పుడు కడుపు నాదెలా అవుతుంది?

ఆగస్టు 4

అక్టోబర్‌లో వచ్చే పిల్లల ఆదివారం పండగకు బట్ట కొనాలని చెప్పి పట్నానికి ఓడెక్కాను. నిజంగానే కొన్నాను, రెండు తానులు. తర్వాత ఆసుపత్రి.

మా ఫైలు ఇప్పుడు డాక్టర్ మెలెసా దగ్గర ఉంది. నాకంటే చిన్నది. నొప్పి ఎంత ఉందని అడిగింది. ఎంతో ఎలా చెప్పాలో తెలియలేదు.

"పిల్లలకు వాక్యాలు నేర్పిస్తూ బల్ల పట్టుకుని నిలబడతాను. వాళ్లు నన్ను కఠినురాలు అనుకుంటారు," అన్నాను.

"ఈ ఎండోమెట్రియోసిస్ కలుపు లాంటిది. గర్భసంచిలో ఉండాల్సిన పొర బయట మొలుస్తుంది. పీకేశారు, కానీ వేరు ఎక్కడో మిగులుతుంది. నెలనెలా రక్తం వచ్చిందంటే దానికి నీళ్లు పోసినట్టే."

"మరి?"

"నెలసరే రాకుండా ఆపితే నీళ్లు ఆగుతాయి. దానికి మాత్రలున్నాయి. రోజూ వేసుకోవాలి, మానకూడదు. నొప్పి చాలామందికి తగ్గుతుంది. కానీ వేసుకున్నన్నాళ్లూ కడుపు రాదు."

"మానేస్తే?"

"రావచ్చు. నొప్పీ రావచ్చు. మానేసిన కొద్దిరోజులకు రక్తం కనపడుతుంది, దానికి కంగారుపడకు."

"మాత్రలు వేసుకుంటూనే..."

"రెండూ ఒకేసారి కుదరవు ఇయనెతా." నా పేరుతో ఎవరైనా పిలిచి చాలా రోజులైంది, ఎసెకియా తప్ప. "మీ ఆయన పరీక్ష చేయించుకున్నాడా?"

"ఆయన పాస్టరు."

"అయితే? పాస్టర్లకు వేరేగా ఉంటుందా?"

నవ్వాను. నవ్వినా నొప్పే. ఆమె మాత్రల పెట్టెలు మూడు బల్ల మీద పెట్టింది. వేసుకోవాలో వద్దో ఇంటికి వెళ్లి ఇద్దరూ మాట్లాడుకోండి అంది.

మాట్లాడుకోవాలి. ఈ ఆదివారం అయ్యాక చెబుతాను.

ఆగస్టు 5

ఒకటి వేసుకున్నాను. పిల్లల ఆదివారం దాకా మాత్రమే. పిల్లలకు పాటలు నేర్పాలి, బట్టలు కుట్టాలి, మంచం మీద ఉంటే కుదరదు. అది కాగానే మానేస్తాను, అప్పటికి ఏడాది ఇంకా ఉంటుంది.

ఆగస్టు 11

కడుపులో తిప్పుతోంది. ఎసెకియాతో చేప పడలేదన్నాను.

ఆగస్టు 30

ఈ నెల రాలేదు.

రాయడానికి ఇంతకంటే ఏమీ లేదు, కానీ ఇవాళ చాలా రాయాలని ఉంది. పొద్దున్నే లేచి చేమతోట కలుపు తీశాను. వంగాను, లేచాను, మళ్లీ వంగాను. ఏమీ కాలేదు. మధ్యాహ్నం పిల్లల్ని తీసుకుని ఊటనీళ్ల మడుగుకు వెళ్లాను. ఈ నీళ్లలోకి దిగడం నేను పెళ్లికి ముందు ఎప్పుడో మానేశాను. వైతోవా గట్టున బట్టలు ఉతుకుతూ అరిచింది: "అమ్మగారికి ఈత వచ్చా! రాయిలా మునిగిపోతారనుకున్నా!" నీళ్లలో వెల్లకిలా పడుకుని ఆకాశం చూశాను. నా పొట్టలో ఏమీ లేదు. నొప్పి లేదు, బిడ్డ లేదు, ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం ఎంత హాయిగా ఉందో చెబితే ఎవరైనా నన్ను ఏమంటారు?

మామూలు మనుషులు రోజూ ఇలాగే ఉంటారా? ప్రతిరోజూ?

సెప్టెంబర్ 3

రాత్రి ఎసెకియా అడిగాడు, ఇది మంచి సమయమేనా అని. ఊఁ అన్నాను. తను ప్రార్థించాడు.

మాత్రల గురించి అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని.

సెప్టెంబర్ 14

రెండో పెట్టె మొదలైంది. పిల్లల ఆదివారం దాకా అన్నానుగా. మాట మీదే ఉన్నాను.

సెప్టెంబర్ 19

ఇవాళ ఏం జరిగిందో వరసగా రాస్తాను.

చాపలల్లే ఇంట్లో కూర్చున్నాం, స్త్రీల సంఘం అంతా. డబ్బాచేప అన్నం వచ్చింది. నాకు ఆకలి లేదన్నాను. వైతోవా నావైపు చూసింది. తర్వాత తెముకిసా వైపు చూసింది.

"అమ్మగారు ఈమధ్య మంచం ఎక్కడంలేదు," అంది ఒకామె.

"తీగ మీద ఆ బట్టలు ఆరేసి ఎన్నాళ్లయింది?" అంది ఇంకొకామె.

"బుగ్గలు చూడండి."

తెముకిసా అల్లుతున్న ఆకులు పక్కన పెట్టి, మోకాళ్ల మీద నా దగ్గరికి జరిగింది. నా పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. "ఉంది," అంది.

"ఏముంది?" అన్నాను.

"ఇంకేముంటుంది తల్లీ, పందిపిల్లా?"

కేకలు, నవ్వులు, ఏడుపులు. ఎవరో పాట ఎత్తుకున్నారు. నేను నోరు తెరిచాను. తెముకిసా తన చేత్తో నా నోరు మూసింది. "మీరు చెప్పకూడదు. నెలలు నిలబడేదాకా తల్లి నోటితో చెప్పకూడదు. మేం చెబుతాం."

ఆ చేతికి కొబ్బరినూనె వాసన. ఆ చెయ్యి తీసేసరికి ఒకామె అప్పటికే వీధిలో పరిగెడుతోంది.

నేను ఇంటికి చేరేలోపే ఎసెకియాకు తెలిసిపోయింది. పాస్టరు పరిగెత్తగా ఈ ఊళ్లో ఎవరూ చూడలేదు, ఇవాళ చూశారు. నా ఒళ్లో తలపెట్టి ఏడ్చాడు. తొమ్మిదేళ్లలో తను ఏడవడం ఇదే మొదటిసారి చూడడం.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఇంకా తెలియదు ఎసెకియా. ఇంకా ఏమీ తెలియదు."

అబద్ధం చెప్పలేదు. ఒక్క మాట కూడా అబద్ధం చెప్పలేదు.

సెప్టెంబర్ 20

ఇవాళ కూడా వేసుకున్నాను.

సెప్టెంబర్ 21

అవునని నేను అనలేదు. కాదనీ అనలేదు.

సెప్టెంబర్ 29

బిందె ఎత్తనివ్వరు. చీపురు పట్టనివ్వరు. చేమతోటకు వెళ్తే వెనక నుంచి కేకలు. మడుగులో దిగకూడదట, చల్లదనం. ఒళ్లు బాగాలేనప్పుడు నన్ను ఎవరూ పడుకోమనలేదు, ఒళ్లు బాగున్నప్పుడు లేవనివ్వడంలేదు. లేత కొబ్బరికాయలు, కోడిపులుసు, చేమాకులో ఉడికించిన కొబ్బరిపాలు వస్తూనే ఉన్నాయి. తెముకిసా రోజూ వచ్చి మెల్లగా తోముతోంది. "మగపిల్లాడు. ఎంత బుద్ధిగా పడుకున్నాడో."

రాత్రి చెబుతాను అనుకుంటాను. రాత్రి ఎసెకియా నా పొట్టకు కీర్తన చదివి వినిపిస్తున్నాడు.

అక్టోబర్ 9

పిల్లల ఆదివారం. అందరూ తెల్లబట్టల్లో, అన్నీ నేను కుట్టినవే. వాక్యాలు బాగా అప్పజెప్పారు. వైతోవా చిన్నవాడు మాత్రం సగంలో మరిచిపోయి, కళ్లు తిప్పి, పరిగెత్తుకొచ్చి నా ఒళ్లో దూరాడు. చర్చి అంతా నవ్వింది. తెముకిసా వెనక వరుస నుంచి లేచి వచ్చి వాణ్ణి రెక్క పట్టుకుని లాగేసింది. "అమ్మగారి పొట్ట మీద పడతావురా గాడిదా!"

వాణ్ణి ఉండనిస్తే బాగుండేది. తల దగ్గర చెమటవాసన. ఒక్క నిమిషం కూడా ఉండలేదు.

ఫలనికో స్తుతిప్రార్థన చేశాడు. వచ్చే ఏడు అయ్యగారి బిడ్డ ఈ పీఠం కింద పాకుతుందన్నాడు.

పిల్లల ఆదివారం దాకా అన్నాను. అయిపోయింది.

అక్టోబర్ 11

ఇది రాయకూడదు.

రాస్తాను. నేను కాక చదివేదెవరు?

మాత్రలు మానేస్తే రక్తం వస్తుంది. అప్పుడు ఎవరూ ఏమీ అడగరు. ఇలా పోవడం ఈ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఉంది. ఏడుస్తారు, వండి పెడతారు, కొన్నాళ్లకు మరిచిపోతారు. ఎవరికీ ఏ నష్టం లేదు. నేను ఒక్క మాట కూడా అనక్కర్లేదు.

ఇవాళ వేసుకోలేదు.

అక్టోబర్ 15

వచ్చింది.

అక్టోబర్ 16

పొద్దున్న వైతోవా చూసింది, నేను చూపించాను. ఆమె చేత్తో నోరు మూసుకుని తెముకిసా కోసం పరిగెత్తింది. ఇల్లు నిండిపోయింది. చాపల మీద ఆడవాళ్లు కూర్చుని ఏడుస్తున్నారు, నా తల నిమురుతున్నారు. నొప్పి కూడా వచ్చింది, మునుపటి నొప్పే, కాబట్టి నటించాల్సిన పని పడలేదు.

ఇంతవరకే అనుకున్నాను.

తెముకిసా ఆ నెత్తుటి బట్టను తెల్లటి గుడ్డలో చుట్టింది, చాలా జాగ్రత్తగా, తల ఎటుందో తెలిసినట్టు. ఇంటి వెనక గొయ్యి తవ్వారు. ఫలనికో, పెద్దలు టోపీలు తీసి నిలబడ్డారు. ఎసెకియా బైబిలు పట్టుకుని వచ్చాడు. తెరవలేదు.

"పేరు పెట్టాలి," అన్నాడు. "దేవుడి దగ్గరికి పేరు లేకుండా ఎలా పంపిస్తాం? హన్నాకు పుట్టిన సమూయేలు పేరే పెడుతున్నాను."

"వద్దు," అన్నాను. "వద్దు, వద్దు, పేరు వద్దు."

ఆడవాళ్లు నన్ను పట్టుకున్నారు. పాపం తల్లి, తట్టుకోలేకపోతోంది అన్నారు. సమూయేలును పాతిపెట్టారు.

అక్టోబర్ 17

చెప్పేశాను.

పొద్దున తను గొయ్యి మీద రాళ్లు పేరుస్తున్నాడు, నల్లటి గుండ్రాళ్లు, సముద్రం దగ్గర ఏరుకొచ్చాడు. లోపలికి రమ్మన్నాను.

"బిడ్డ లేదు ఎసెకియా."

"తెలుసు. పోయాడు. దేవుడు..."

"పోలేదు. లేడు. ఎప్పుడూ లేడు."

మాత్రల పెట్టె చేతిలో పెట్టాను. దాని వెనక రాసి ఉన్నదంతా నిదానంగా, వాక్యం చదివినట్టు చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు.

"ఎప్పటినుంచి?"

"ఆగస్టు నుంచి."

"ఆగస్టు నుంచి నేను రోజూ మోకాళ్ల మీద ఉన్నాను. నువ్వూ నా పక్కనే ఉన్నావు. ఏమని ప్రార్థించావు?"

"నొప్పి రాకూడదని."

"అంత నొప్పా?"

ఒకే చాప మీద తొమ్మిదేళ్లు. "నువ్వు టీ తెచ్చి పెట్టేవాడివి. అది చల్లారిపోయేది. ఎందుకనుకున్నావు?"

"ఆడవాళ్లకు మామూలేననుకున్నాను. మా అమ్మ కూడా..." పెట్టె చాప మీద పెట్టాడు. "మరి నిన్న నేను ఎవరిని పాతిపెట్టాను ఇయనెతా?"

తను మళ్లీ బయటికి వెళ్లాడు. కిటికీలోంచి చూశాను. రాళ్లు తీసేస్తాడనుకున్నాను. మిగిలినవి కూడా పేర్చేశాడు.

అక్టోబర్ 19

"ఎవరికీ చెప్పొద్దు," అన్నాడు. రెండు రోజుల తర్వాత మాట్లాడిన మొదటి మాట.

"అబద్ధం కదా?"

"నువ్వా నన్ను అడిగేది?" గొంతు పైకి లేచింది, వెంటనే తగ్గించాడు, గోడ అవతల వైతోవా కోళ్లకు కొబ్బరి వేస్తోంది. "వాళ్లు ఏడ్చారు, అయిపోయింది. ఇప్పుడు చెబితే మనల్ని ఇక్కడ ఉండనివ్వరు. ఊరినుంచి పంపేసిన పాస్టర్ని ఇంకో ఊరు పిలవదు. ఎక్కడికెళ్తాం?"

అతని మాట నిజమే. నేను మొదలుపెట్టినదాన్ని తను మోస్తున్నాడు. మాత్రలు వేసుకుంటున్నావా అని మాత్రం అడగలేదు. వేసుకోవడంలేదు. మంచి సమయం ఇంకా కొంత మిగిలే ఉంది.

అక్టోబర్ 23

ప్రసంగంలో సమూయేలు పేరెత్తాడు. బైబిలు మూసేసి కళ్లు తుడుచుకున్నాడు. నటించాడనుకుంటే నాకు కోపం వచ్చేది. నటన కాదు. తను ఆ పిల్లవాణ్ణి చూశాడు, ఎత్తుకున్నాడు, పోగొట్టుకున్నాడు. నేనే చూడలేదు.

అక్టోబర్ 31

నొప్పి. ఇంకా నెలసరి రాకముందే.

నవంబర్ 3

తెముకిసా ఎవరి కడుపూ తోమడంలేదట. వైతోవా చెప్పింది. మొన్న ఎవరో నిండుచూలాలిని తీసుకొస్తే గుమ్మంలోంచే పంపేసిందట, నూనెసీసా బోర్లించేసిందట. "నా బొటనవేళ్లే గట్టిగా పడ్డాయి. అయ్యగారి బిడ్డను నేనే చంపాను," అని రోజంతా గొణుగుతోందట. తిండి తినడంలేదట.

"ముసలిది చచ్చిపోయేలా ఉంది అమ్మగారూ. మీరొక్క మాట చెప్పండి, ఆమె తప్పేం లేదని."

ఎసెకియాతో చెప్పాను. తను చేతుల్లో ముఖం దాచుకున్నాడు. "క్షమించానని చెప్పు. అంతవరకే చెప్పు."

క్షమించానని చెప్పాలట, నేను.

నవంబర్ 4

చాపలల్లే ఇంటికి వెళ్లాను. అందరూ ఉన్నారు. తెముకిసా మూలన కూర్చుని సన్నచాప అల్లుతోంది, పసిబిడ్డకు సరిపడేంత చిన్నది. దేనికని అడగలేదు. ఆమె ముందు కూర్చున్నాను.

"మీ చేతుల వల్ల ఏమీ పోలేదు."

"మీ మంచితనం అమ్మగారూ."

"మంచితనం కాదు. బిడ్డ లేడు. నెలసరి రాకుండా మాత్రలు వేసుకున్నాను, నొప్పి భరించలేక. మీరంతా కడుపు అనుకున్నారు. నేను కాదనలేదు. తర్వాత మానేశాను, రక్తం వచ్చింది. అంతే. మీరు పాతిపెట్టింది బట్ట."

ఆమె మొహంలో భారం దిగుతుందనుకున్నాను. తన రెండు చేతులు ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"అయితే ఇవి అబద్ధం చెప్పాయా?"

"తెముకిసా..."

"ఊరందరి ముందు ఉంది అన్నాను. మగపిల్లాడన్నాను. మీరు రోజూ పొట్ట ఇచ్చి పడుకున్నారు, నవ్వుకుంటూ." లేచింది. "చంపానని చచ్చినా పరువుగా చచ్చేదాన్ని. వెర్రిదాన్ని చేశారు నన్ను."

అల్లుతున్న చాప అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. ఆమె వెనక ఒకామె, ఇంకొకామె. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. చివరికి వైతోవా ఒక్కతే మిగిలింది, తలుపు వైపు చూస్తూ. తనూ వెళ్తుందనుకున్నాను.

"ఆ మాత్రలు," అంది, గొంతు తగ్గించి, "నొప్పి నిజంగా తగ్గిస్తాయా?"

"నాకు తగ్గింది."

"మా పెద్దది. తెలేసియా. నెలనెలా చాప మీద గింగిరాలు తిరుగుతుంది, వాంతులు, బడికి వెళ్లదు. పెళ్లయితే పోతుందిలే అని మా అత్త అంటుంది. తెముకిసా కడుపు జరిగిందంటుంది." పావడా అంచుతో ముక్కు తుడుచుకుంది. "మీకు పెళ్లయి తొమ్మిదేళ్లయిందిగా అమ్మగారూ. మీకు పోలేదుగా."

నవంబర్ 6

పెద్దలు వచ్చారు. ఎసెకియా నాతో రెండు రోజులుగా మాట్లాడటంలేదు. నేను చెప్పానని కాదు, తనతో చెప్పకుండా చెప్పానని. నేను లోపలి గదిలో కూర్చున్నాను. మాటలన్నీ వినపడుతున్నాయి.

ఫలనికో మెల్లగానే మొదలుపెట్టాడు. "అయ్యగారూ, ఆడవాళ్ల విషయం ఆడవాళ్లు చూసుకుంటారు. మాకు ఒక్కటే కావాలి. మీకు తెలియదుగా? మీరూ మాలాగే మోసపోయారుగా? ఆ మాట మీరు అంటే చాలు, సంఘానికి చెబుతాం."

తలుపు తెరిచి ఉంది. ఎసెకియా వీపు కనపడుతోంది. తెలియదు అనొచ్చు. సగం నిజమే.

"పాతిపెట్టినప్పుడు తెలియదు," అన్నాడు. "మర్నాడే తెలిసింది. తెలిసీ పీఠం మీద నిలబడి ఆ పేరు పలికాను. చెప్పొద్దని ఆమెను ఆపింది నేనే. ఆమె నా మాట వినకుండా చెప్పింది."

ఫలనికో తన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మే నెలలో జరిగే చర్చి మహాసభల్లో మాట్లాడి చెబుతామన్నాడు. అప్పటిదాకా ఉండొచ్చన్నాడు.

అప్పటిదాకా. ఇల్లు ఇదే, ముందు వరుస ఇదే.

నవంబర్ 13

ఇవాళ భోజనం తెముకిసా వంతు. రాలేదు. డబ్బాచేప తెరిచాం. ఎసెకియా నా పళ్లెంలో వేసి, తర్వాత తను వేసుకున్నాడు.

నవంబర్ 17

వైతోవా, తెలేసియా, నేను ఓడెక్కాం. ఎసెకియా బండిలో రేవు దాకా తెచ్చి దింపాడు.

తెలేసియాకు పదహారేళ్లు. ఓడలో సముద్రం వైపే చూస్తూ అడిగింది: "అమ్మగారూ, నాక్కూడా పిల్లలు పుట్టరా?"

"ఛీ, నోర్ముయ్," అంది వైతోవా.

"పుట్టొచ్చు," అన్నాను. "చాలామందికి పుడతారు. నాకు పుడతారో లేదో నాకే ఇంకా తెలియదు."

డాక్టర్ మెలెసా ఆ పిల్లతో చాలాసేపు మాట్లాడింది. వైతోవాను బయట కూర్చోబెట్టింది, వైతోవా దానికి ఇంకా మండిపడుతూనే ఉంది. తర్వాత నన్ను పిలిచింది. కుడి గొట్టం బాగానే ఉంది కాబట్టి మందులు లేకుండా ఇంకొన్నాళ్లు చూడొచ్చంది. మాత్రలు వేసుకుని ఒళ్లు కుదుటపడ్డాక కూడా చూడొచ్చంది. "తొందరేం లేదని అనను. కానీ నీకేం కావాలి?"

నాకేం కావాలి? నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి. వెంటనే బిడ్డ అని నోటికొచ్చింది, అది నా నోటికి అలవాటు. అనకుండా కూర్చున్నాను. బిడ్డ కావాలేమో, నిజంగానే. పిల్లల ఆదివారం నాడు వైతోవా చిన్నవాడు ఒళ్లో ఉన్న ఆ నిమిషం నాకు కావాలి. నీళ్లలో వెల్లకిలా పడుకున్న రోజూ కావాలి. రెండూ ఒకేసారి కుదరవు. మూడు పెట్టెలు తీసుకున్నాను.

తిరిగొచ్చేసరికి ఎసెకియా రేవులోనే ఉన్నాడు. తెలేసియా సంచి తీసుకుని బండిలో పెట్టాడు. "తగ్గుతుందన్నారా అమ్మా?" అని అడిగాడు. ఆ పిల్ల సిగ్గుపడుతూ తలూపింది. వాళ్లిద్దరూ వెనక ఎక్కారు. నేను ముందు కూర్చున్నాను. తను తాళం తిప్పబోయి ఆగాడు.

"నీకు?"

బాగానే ఉన్నాను అనబోయాను.

"చాలా నొప్పిగా ఉంది," అన్నాను. "ఇవాళ్టినుంచి మళ్లీ వేసుకుంటాను. ఎన్నాళ్లో తెలియదు."

సరే అనలేదు, వద్దనలేదు. బండి కదిలించాడు. ఊరు చేరేదాకా గుంత కనపడ్డ ప్రతిచోటా బండి ఆపినంత పని చేసి, ఒక్కో చక్రం మెల్లగా దించి, మెల్లగా ఎక్కించాడు.